బంగాళాఖాతం అడుగున పలకల కదలిక: భూకంపం, అగ్నిపర్వతం, సునామీల సంగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

గార మండలం మాస్టారు (ప్రశ్న)

మా ఉన్నత పాఠశాల వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉంది. గాలి ఇటు తిరిగిన రోజున కళింగపట్నం కెరటాల హోరు తరగతి గదిలోకి వినిపిస్తుంది. ఎనిమిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. భూమి లోపలి పొరల పాఠం మొదలుపెట్టి, సముద్రాల అడుగున కూడా అగ్నిపర్వతాలు ఉన్నాయని చెప్పగానే, చివరి బల్ల మీద కూర్చునే పిల్లవాడు లేచి, "అంత నీరుంటే నిప్పెలాగ బతుకుతాది మాస్టారూ?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, తృప్తిగా జవాబు చెప్పలేకపోయాను.

నాకు రెండో సందేహం 2014 నుంచి ఉంది. ఆ ఏడు మే 21 రాత్రి పదిగంటలు కావస్తుండగా భోజనాలు ముగించి కూర్చున్నాం. గూట్లో ఒకదానిలో ఒకటి దొంతరగా పెట్టిన స్టీలు గ్లాసులు వాటంతట అవే గలగలమన్నాయి, దూలానికి వేలాడే బల్బు ఊగింది. వీధి వీధంతా బయటికొచ్చి తెల్లవార్లూ అరుగుల మీదే కూర్చుంది. భూకంప కేంద్రం సముద్రంలో ఉందని మరునాడు తెలిసింది. భూమి పైభాగం పలకలనే పెద్ద పెద్ద రాతి ముక్కలుగా ఉందనీ, వాటి అంచుల్లోనే భూకంపాలు వస్తాయనీ పాఠంలో ఉంది. మన తీరం వెంట పలక అంచు లేదు కదా! మరి ఆ రాత్రి కదిలింది ఏమిటి?

మూడోది, 2004లో ఎక్కడో సుమత్రా దగ్గర భూమి కదిలితే మన ఒడ్డున నీరు ఎందుకు పొంగింది? పిల్లలకు బొమ్మ గీసి చెప్పగలిగేటంత స్పష్టంగా ఎవరైనా వివరిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఖోండలైట్ (జవాబు)

మాస్టారూ, నమస్కారం. విజయనగరంలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతుంటాను. మీ విద్యార్థి అడిగిన ప్రశ్న మా తరగతిలో కూడా ఎవరూ అడగరు, అదే నా విచారం. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా "భూమి లోపల అంతా నిప్పే" అనే మాటను పిల్లల మనసులోంచి తీసివేయండి. మనం నిలబడిన పైపెంకు, అంటే పటలం, దాని కింద ఉన్న మందపాటి పొర ప్రావారం ఎర్రగా కాలినంత వేడిగా ఉన్నా, అది ద్రవం కాదు, గట్టి రాయే. ఆ రాయి లక్షల సంవత్సరాల కాలంలో మైనంలా మెల్లగా సాగుతుంది గాని, గిన్నెలో పులుసులా తొణకదు. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ప్రెషర్ కుక్కరులో నీరు నూరు డిగ్రీలు దాటినా నీరుగానే ఉండి, ఆవిరి పోకముందే ఎవరైనా తొందరపడి మూత తీస్తే ఒక్కసారిగా పొంగి ఆవిరైపోవడం ఇళ్లలో అందరూ ఎరిగినదే. లోపలి రాయి తీరు కూడా ఇంచుమించు అటువంటిదే. వేడి పెరగకపోయినా, మీద ఒత్తిడి తగ్గితే చాలు, కొంత భాగం కరిగిపోతుంది.

ఆ ఒత్తిడి తగ్గేది రెండు పలకలు ఒకదానికొకటి దూరంగా జరిగే చోట. సముద్రాల అడుగున సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున, క్రికెట్ బంతి మీది కుట్టులా భూమిని చుట్టుకొన్న పర్వతశ్రేణి ఉంది. దాని నడిమి చీలిక వెంట పలకలు విడిపోతూ ఉంటే, కింది రాయి ఆ ఖాళీలోకి ఎగదన్నుకుంటూ వచ్చి, పైకి వచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి కరుగుతుంది. అట్లాంటిక్‌లో ఈ ఎడం ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు, అంటే మన గోరు పెరిగినంత. తూర్పు పసిఫిక్‌లో కొన్నిచోట్ల పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటుంది. భూమి మీద ఏటా బయటపడే లావాలో అధిక భాగం ఎవరి కంటా పడకుండా ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు మీ పిల్లవాడి నీరు, నిప్పు. మంట బతకాలంటే ప్రాణవాయువు కావాలి. లావా మంట కాదు, 1,100 నుంచి 1,200 డిగ్రీల వరకు కాగిన రాతి ద్రవం, దానికి ప్రాణవాయువుతో పనిలేదు. నీరు దాన్ని ఆర్పదు, చల్లారుస్తుంది. అదీ పైపైన మాత్రమే. చీలికలోంచి ఉబికిన లావా చన్నీటికి తగలగానే మీద గాజు పెంకు కట్టుకుంటుంది. లోపల ఇంకా ద్రవమే. వెనుకనుంచి తోపుడు ఆగదు కనుక ఆ పెంకు ఒకచోట పగిలి మరో ముద్ద బయటికి వస్తుంది, దానికీ పెంకు కడుతుంది, మళ్లీ పగులుతుంది. చివరికి ఎవరో తలగడలు గుట్టగా పోసినట్టు కనిపిస్తుంది. అందుకే దానికి తలగడ లావా అని పేరు. రెండున్నర వేల మీటర్ల లోతున నీటి ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి 250 రెట్లు ఉంటుంది కాబట్టి ఆవిరి విచ్చుకొని పేలే అవకాశం తక్కువ. అదే అగ్నిపర్వతం నెత్తి నీటి ఉపరితలానికి దగ్గరగా ఉంటే కథ మారిపోతుంది. 2022 జనవరి 15న టోంగా దీవుల దగ్గర హుంగా టోంగా పేలినప్పుడు బూడిద, ఆవిరి కలిసి దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయి.

రెండో రకం అంచు మనకు దగ్గరది. మన భారత పలక అంటే నేల మాత్రమే కాదు, కళింగపట్నం ఒడ్డు నుంచి అండమాన్ పడమటి పక్క దాకా ఉన్న బంగాళాఖాతం అడుగు కూడా అందులో భాగమే. ఆ అంచు మీ ఊరికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ మన పలక అండమాన్, సుమత్రాల కిందికి ఏటవాలుగా దూరుతోంది. దూరే పలక సముద్రం అడుగున కోట్ల ఏళ్లు నాని, తన ఖనిజాల్లో నీటిని కట్టుకొని వెళుతుంది. సుమారు నూరు కిలోమీటర్ల లోతుకు చేరాక వేడికి, ఒత్తిడికి ఆ నీరు విడుదలై పైనున్న ప్రావారంలోకి ఎక్కుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. పొడి బెల్లం గడ్డను మూకుట్లో వేడి చేస్తే మాడుతుందే గాని సరిగా కరగదు, చారెడు నీళ్లు చల్లితే సన్నని సెగకే పాకమవుతుంది. పోలిక పూర్తిగా సరిపోదు గాని పిల్లలకు పట్టుబడుతుంది. గమ్మత్తేమిటంటే మీ విద్యార్థి నిప్పును చంపుతుందనుకున్న నీరే ఇక్కడ అగ్నిపర్వతాన్ని పుట్టిస్తోంది! ఇలా పుట్టిన శిలాద్రవంలో నీటి ఆవిరి ఎక్కువ, చిక్కదనం ఎక్కువ, అందువల్ల గోలీ సోడా కొట్టినట్టు పేలుతుంది. 1883 ఆగస్టులో పేలి, సునామీలతో 36,000 మందికి పైగా ప్రాణాలు తీసిన ఇండోనేషియాలోని క్రకటోవా ఈ జాతిదే. మన దేశంలోని ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం, అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి కూడా ఈ వరుసలోదే.

ఇక భూకంపం. దూరే పలక నూనె రాసినట్టు జారదు. పై పలకతో ఒరుసుకొని బిగుసుకుపోతుంది. కింద లాగుడు మాత్రం ఆగదు కనుక పై పలక అంచు వెదురుబద్దలా వంగుతూ కూర్చుంటుంది. ఏడాదికి అయిదు సెంటీమీటర్ల లెక్కన మూడు వందల ఏళ్లు బిగుసుకుంటే పదిహేను మీటర్ల బాకీ పేరుకుంటుంది. 2004 డిసెంబరు 26న ఉదయం ఆరున్నరకు, ఆ బాకీ ఒక్క పెట్టున తీరింది. సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా 1,200 కిలోమీటర్లకు పైగా పాకడానికి పట్టిన కాలం సుమారు పది నిమిషాలు. తీవ్రత 9.1. సముద్రం అడుగు కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ పైకి లేచి, దాని మీదనున్న నీటిని మొత్తంగా ఎత్తింది. గాలి కెరటం పైనీటినే కదిలిస్తుంది, ఇది అడుగు నుంచి అంచు దాకా ఉన్న నీటినంతా కదిలించింది. మూడు వేల మీటర్ల లోతున అటువంటి అల గంటకు 600 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. విశాఖపట్నం రేవులో సముద్రమట్టం కొలిచే పరికరం రెండున్నర గంటల తరువాత దాన్ని నమోదు చేసింది.

2014 రాత్రి సంగతి. ఆ భూకంపం తీవ్రత సుమారు 6. కేంద్రం మీ తీరానికి తూర్పున దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, భూమి లోపల 50 కిలోమీటర్ల లోతున ఉంది. మీరన్నది నిజం, అక్కడ పలక అంచు లేదు. అది పలక కడుపులో వచ్చిన భూకంపం. అంచుల్లో జరిగే తగాదా ఒత్తిడి నడిమికి కూడా పాకుతుంది. ఉత్తరాన హిమాలయాల దగ్గర మన పలకకు అడ్డు తగులుతోంది, తూర్పున సుమత్రా కింద లాగుడు ఉంది, మీద చూస్తే గంగా, బ్రహ్మపుత్రలు కోట్ల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు కిలోమీటర్ల మందాన పేరుకుంది. ఇన్ని భారాల మధ్య పలకలోని పాత పగులు ఒకటి పక్కకు జారితే మీ గ్లాసులు గలగలమన్నాయి. 6కీ 9.1కీ అంకెల్లో తేడా మూడే అనిపిస్తుంది గాని, విడుదలైన శక్తిలో 2004ది నలభై వేల రెట్లకు పైచిలుకు.

బారువ నావికుడు (జవాబు)

ఖోండలైట్ గారు బారెన్ దీవి పేరెత్తారు కనుక చూసినవాడిగా నాలుగు మాటలు. సరకు ఓడలో ఇంజను గదిలో పనిచేస్తాను. అండమాన్ సముద్రం మీదుగా వెళుతున్నప్పుడు ఒకసారి తెల్లవారుజామున డెక్ మీదికి వచ్చేసరికి ఆ దీవి దూరాన కనిపించింది. చెట్టూ చేమా లేని బూడిద రంగు దిబ్బ, దాని పక్కనుంచి నీళ్లలోకి దిగిన నల్లని లావా నాలుక, శిఖరం మీద తెల్లని పొగ. ఊళ్లో ఇటుకబట్టీ ఆరిపోయాక మరునాడు కూడా సన్నగా వచ్చే పొగలాగే ఉంది. పైకి కనిపించేది మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తే గాని, అడుగు నుంచి కొలిస్తే రెండు వేల మీటర్లకు పైబడిన కొండ అని మా ఓడలోని పెద్దాయన చెప్పారు. 1787లో అది రాజుకోవడం చూసినవాళ్లు రాసిపెట్టారట. పందొమ్మిదో శతాబ్దంలో చల్లారి, 1991లో మళ్లీ లేచింది. అప్పటి నుంచి ఆగుతూ ఆగుతూ నడుస్తూనే ఉంది.

మాస్టారు అడిగిన మూడో సందేహానికి మా నాన్న చూసినది కూడా చెబుతాను. 2004లో ఆ ఉదయం ఆయన తెప్ప మీద వేటకు వెళ్లి ఒడ్డుకు బాగా దూరంలో ఉన్నారు. సముద్రంలో ఉన్నంతసేపూ ఆయనకు ఏమీ తెలియలేదు. వలలు ఎత్తుకొని తిరిగి వచ్చేసరికి ఒడ్డున లాగిపెట్టిన తెప్పలు చెల్లాచెదురుగా, జనం ఇసుకదిబ్బల మీద గుమిగూడి కనిపించారట. "నా కిందనుంచే పోయింది, నాకు చెప్పకుండా పోయింది" అని ఇప్పటికీ అంటుంటారు. అది ఎలా సాధ్యమో ఖోండలైట్ గారు చెప్పాలి.

బొబ్బిలి కుర్రాడు (జవాబు)

మర్యాద తప్పకుండానే ఒక అభ్యంతరం చెబుతాను. 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం సుమత్రా పక్కన 8.6 వచ్చిందన్నారు, మన తీరమంతటా హెచ్చరించారు. మా మేనత్తగారిది పూసపాటిరేగ దగ్గర తీరగ్రామం. అన్నం వండుతున్న గిన్నె పొయ్యి మీదే వదిలేసి, పిల్లల్ని ఎత్తుకొని ఎగువకు పరుగెత్తారు. సాయంత్రానికి చూస్తే చెప్పుకోదగ్గ అలే రాలేదు. అడుగు కదిలితే నీరు లేస్తుందన్న సూత్రం నిజమైతే ఆ రోజు ఎందుకు లేవలేదు? ఇంకో మాట, అండమాన్‌లో అగ్నిపర్వతం పేలడం వల్లనే 2004 భూకంపం వచ్చిందని మా ఊళ్లో చాలామంది నమ్ముతారు. అందులో నిజం లేదా?

ఖోండలైట్ (జవాబు)

నావికుడి గారి నాన్నగారి మాట మా పాఠ్యపుస్తకాల్లో ఉండదగినది. నడిసముద్రంలో సునామీ ఎత్తు మీటరు లోపే ఉండవచ్చు, దాని పొడవు మాత్రం వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంటే తెప్ప ఆ మీటరు ఎక్కడానికీ దిగడానికీ పది పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. మామూలు కెరటాలకే అంతకంటే ఎక్కువ ఊగే తెప్ప మీద మనిషికి అది ఎలా తెలుస్తుంది? ఒడ్డు దగ్గర లోతు ఇరవై మీటర్లకు తగ్గేసరికి అల ముందుభాగం వేగం గంటకు 50 కిలోమీటర్లకు పడిపోతుంది, వెనుక భాగం ఇంకా లోతు నీటిలో దూసుకొస్తూ ఉంటుంది. వెనకున్న నీరు ముందున్న నీటి మీద ఎక్కి ఎత్తు పెరుగుతుంది.

బొబ్బిలి బాబూ, మీ అభ్యంతరం సరైనది. నేను పైన మూడో రకం కదలికను వదిలేసిన తప్పును మీరు పట్టుకున్నారు. పలకలు విడిపోవడం, ఒకటి కిందికి దూరడం కాక, ఒకదాని పక్కనుంచి ఒకటి ఒరుసుకుంటూ జారడం కూడా ఉంది. 2012లో జరిగింది ఈ పక్కజారుడే. అదీ అంచులో కాదు, మన పలక కిందికి దూరే చోట సముద్రం అడుగున ఉన్న లోతైన అగడ్తకు పడమట, పలక లోపలే జరిగింది. ఆ జాతి భూకంపాల్లో అంత పెద్దది పరికరాలకు అంతకుముందు ఎన్నడూ అందలేదు. రెండు గంటల తరువాత 8.2 తీవ్రతతో మరొకటి వచ్చింది. నీళ్ల తొట్టి అడుగున చేయి పెట్టి అరచేతిని పైకి ఎత్తితే నీరు ఉబుకుతుంది, అదే చేతిని అడుక్కి ఆనించి పక్కకు జరిపితే పైన చిన్న ముడత కూడా పడదు. 2004లో అడుగు లేచింది, 2012లో పక్కకు జరిగింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. భూకంపం వచ్చిన తొలి నిమిషాల్లో అక్కడివారికి తెలిసేది స్థానం, లోతు, తీవ్రత మాత్రమే. జారుడు ఏ తీరుదో తేలడానికీ, సముద్రం అడుగున ఉంచిన ఒత్తిడి కొలిచే పరికరాలు జవాబు చెప్పడానికీ కొంత సమయం పడుతుంది. అందాకా ఆగితే అల ముందే వస్తుంది. మీ అత్తగారి అన్నం మాడినందుకు నాకు బాధే గాని, ఆ పరుగు తప్పు కాదు.

అగ్నిపర్వతం వల్ల 2004 భూకంపం వచ్చిందనడం మాత్రం తిరగేసిన మాట. శిలాద్రవం పైకి తోసుకొచ్చేటప్పుడు చుట్టుపక్కల భూమి అదురుతుంది, అది స్థానికం, చిన్నది. 1,200 కిలోమీటర్ల పొడవున పలకను చీల్చగల బలం ఏ అగ్నిపర్వతానికీ లేదు. రెండూ ఒకే తల్లి బిడ్డలు. తల్లి ఆ దూరే పలక.

పేరు ఖోండలైట్ అని పెట్టుకున్నాను కనుక ఆ సంగతి కూడా చెప్పనివ్వండి. మన తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఎర్రచుక్కల రాయికి ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరది. మాస్టారూ, ఈసారి కళింగపట్నం ఒడ్డుకు వెళ్లినప్పుడు కెరటం వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే ఎర్రని చారను పిడికెడు తీసి, భూతద్దం కింద పెట్టి పిల్లలకు చూపండి. దానిమ్మగింజ రంగులో మెరిసే పలుకులు కనిపిస్తాయి. అవి గార్నెట్లు, ఈ కొండల రాళ్లలోంచి రాలినవి. సుమారు నూరు కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల ఇరవై ముప్పై కిలోమీటర్ల లోతున ఉడికిన రాయి అది. అటువంటి రాయే తూర్పు అంటార్కిటికాలోనూ ఉంది, ఎందుకంటే ఆ రోజుల్లో అదీ మనమూ ఒక్కటే నేల. సుమారు పదమూడు కోట్ల ఏళ్ల క్రితం రెండూ విడిపోయి, ఆ చీలికలో బంగాళాఖాతం పుట్టింది. ఇప్పుడు నిమ్మళంగా ఉన్న మీ ఒడ్డు ఒకప్పుడు విడిపోయే అంచే.

పలక బిగుసుకొని ఒక్కసారిగా జారడం ఎలా ఉంటుందో తరగతిలో చూపడానికి సులువైనది ఒకటి. పాత సైకిల్ ట్యూబును పట్టీగా కోసి, ఒక కొసను ఇటుకకు కట్టి, రెండో కొసను పట్టుకొని గచ్చు మీద మెల్లగా, ఆగకుండా లాగమనండి. ఇటుక ఎంత దూరం దూకిందో ప్రతిసారీ సుద్దముక్కతో గీత గీయమనండి.

గార మండలం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న చేశాం. ఇటుక ముందు కదలలేదు, ట్యూబు సాగి సాగి తాడులా సన్నబడింది, అప్పుడు ఇటుక జానెడు దూరం ఒక్క దూకు దూకింది. మళ్లీ బిగుసుకుంది. ఇరవై దూకుళ్లకు గీతలు గీశాం. ఏ రెండూ సమానంగా లేవు. మూడు చిన్నవి వచ్చాక పెద్దది వస్తుందని ఒక జట్టు పందెం వేసి ఓడిపోయింది. ఒక అమ్మాయి ఎవరూ చెప్పకుండానే గుప్పెడు ఇసుక తెచ్చి ఇటుక కింద చల్లింది. ఆ తరువాత ఇటుక దూకడం మానేసి మెల్లగా జారుకుంటూ వచ్చేసింది. తరగతి నిరాశపడింది గాని, అది కూడా నిజంగా పలకల్లో జరుగుతుందా అని ఆ అమ్మాయి అడుగుతోంది.

చివరి బల్ల పిల్లవాడు మాత్రం ఎర్ర ఇసుకను అగ్గిపెట్టెలో దాచుకున్నాడు.

ఖోండలైట్

జరుగుతుంది మాస్టారూ. పలకల నడుమ మెత్తని ఒండ్రు, నీరు చేరిన చోట్ల కొన్ని భాగాలు బిగుసుకోకుండా ఏడాది పొడవునా జారుతూనే ఉంటాయి. మరికొన్ని వారాల తరబడి నెమ్మదిగా జారి, పరికరాలకు తప్ప మనుషులకు తెలియకుండా ఊరుకుంటాయి. పక్కపక్కనే ఒక ముక్క బిగుసుకొని, ఒక ముక్క జారుతూ ఉండవచ్చు. ఏ ముక్క ఎలా ఉందో తెలుసుకోవడానికి జపాన్ వారు సముద్రం అడుగునే కొలమానాలు పెట్టి సెంటీమీటర్లు లెక్కపెడుతున్నారు. ఆ ఇరవై గీతల కాగితం ఉంటే ఫొటో తీసి పెట్టండి, మా డిగ్రీ పిల్లలకు చూపిస్తాను. ఈసారి ఇటుకలు రెండు కట్టి, ఒకదాని కింద మాత్రమే ఇసుక చల్లమనండి.